తిరుపతి నుంచి తరంగంబాడి డేన్స్‌బోర్గ్ కోటకు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి నవగ్రహ గుళ్లకో, తిరుక్కడయూరులో షష్టిపూర్తికో ఏటా ఎంతోమంది కావేరి డెల్టాకు పోతుంటారు. ఆ గుళ్లకు కూతవేటు దూరంలోనే, తరంగంబాడి ఊళ్లో, డెన్మార్క్ వాళ్లు సముద్రం ఒడ్డున కట్టిన డేన్స్‌బోర్గ్ కోట ఉంది. ఎవరికి చెప్పినా మళ్లీ మళ్లీ అవే అనుమానాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోండి.

## బయలుదేరే ముందు

మన చంద్రగిరి కోట పక్కనే ఉండగా అంత దూరం పోవాలా?

చంద్రగిరి చూడనివాళ్లు ముందు అది చూడండి, అందులో రెండో మాట లేదు. కాకపోతే ఈ రెండూ ఒక జాతి కోటలు కావు. చంద్రగిరి కొండను ఆనుకున్న రాజుల కోట. రాజమహల్, రాణిమహల్, చుట్టూ కొండ, దిగువన చెరువు. డేన్స్‌బోర్గ్ వ్యాపారుల కోట. కింద గోదాము, వంటిల్లు, సిపాయిల గదులు, చెర. పైన అధికారి కాపురం. ఎదురుగా బంగాళాఖాతం. దర్బారు, సింహాసనం లాంటివి వెతికితే నిరాశే. మిరియాల మూటల కోసం ఇంత గోడ కట్టుకున్నారా అని ఆశ్చర్యపోయే ఓపిక ఉంటే మాత్రం నిండా నచ్చుతుంది.

డెన్మార్క్ వాళ్లకు ఇక్కడ చోటు ఎవరిచ్చారు?

తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగు రాజు, తెలుగులో కవిత్వం రాసినవాడు, తెలుగు కవులను పోషించినవాడు. మనవైపు చరిత్రతోనూ ఆయనకు గట్టి లంకె ఉంది. చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతిరాయలు (తిరుమల గుడిలో కృష్ణదేవరాయల విగ్రహాల దగ్గరే ఈయన విగ్రహమూ ఉంటుంది) 1614లో కన్నుమూశాక సింహాసనం కోసం పెద్ద తగువు లేచింది. ఆ తగువులో వారసుడు రామదేవరాయల పక్షాన, వెలుగోటి యాచమ నాయకుడితో కలిసి, తోపూరులో యుద్ధం చేసినవాడు రఘునాథుడే.

అటు డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. 1618లో ఓవే గెడ్డె అనే కుర్ర అధికారి నాయకత్వంలో ఓడలు బయలుదేరాయి. వాళ్ల గురి సిలోను మీద. అక్కడ పని జరగలేదు. ముందుగా వచ్చిన ఓడ ఒకటి కారైకాల్ దగ్గర పోర్చుగీసువాళ్ల చేత చిక్కి నాశనమైంది. అందులోంచి బతికి బయటపడ్డ రోలాండ్ క్రాపె అనే డచ్చివాడు తంజావూరు దర్బారుకు చేరాడు. ఆ పరిచయమే చివరికి పనికొచ్చింది. 1620 నవంబరులో ఒప్పందం కుదిరి, చేపలు పట్టుకునే ఆ చిన్న ఊళ్లో కోట లేచింది. రఘునాథుడు డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద చెక్కించి పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లోని జాతీయ దస్తావేజుల్లో భద్రంగా ఉంది.

బాగుచేసి మళ్లీ కట్టిన కోట అంటున్నారు. అంటే మనం చూసేది అసలుదా, సినిమా సెట్టింగా?

సెట్టింగు కాదు. అలాగని 1620లో కట్టింది కట్టినట్టే నిలబడి ఉందనీ కాదు. ఈ కోట పుట్టినప్పటి నుంచీ మరమ్మతుల మీదే బతికింది. 1845లో డెన్మార్క్ వాళ్లు తరంగంబాడిని, బెంగాల్లోని శ్రీరాంపూర్‌ను కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లిషువాళ్లకు అమ్మేశారు. అప్పటి నుంచి కోటకు పనిలేదు. చాలా ఏళ్లు ప్రయాణికుల బంగళాగా వాడారు. 1978లో తమిళనాడు పురావస్తుశాఖ చేతికొచ్చింది. 2000ల మొదట్లో డెన్మార్క్‌లోని తరంగంబాడి అభిమానుల సంఘం సాయంతో గోడలు, ప్రాకారం బాగుచేశారు. 2011లో మరోసారి పని జరిగింది. ఒకప్పుడు చుట్టూ కందకం, దానిమీద ఎత్తి దించే వంతెన ఉండేవి. ఇప్పుడు వాటి జాడే లేదు.

మరి పాతదేదో కొత్తదేదో గుర్తుపట్టడం ఎలా? కింది అంతస్తుకు పోండి. ఆ గోడల మందం, వంపు తిరిగిన కప్పులు, వెలుతురు చొరబడని గదులు పాతవి. నున్నటి గార, రంగు, చదునైన అంచులు కొత్తవి. అక్కడక్కడా పెచ్చులూడి కనిపిస్తే వెంటనే సర్కారును తిట్టకండి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇటుకలోకి దిగుతుంది. ఎండకు నీరు ఆరిపోయి ఉప్పు గడ్డకడుతుంది, లోపలి నుంచి గారను నెట్టేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక ఇటుకే పొడి అవుతుంది. అందుకే ఇలాంటి కట్టడాలకు సున్నపు గార వాడాలంటారు. అది ఊడుతుంది, మళ్లీ పూస్తారు. ఒడ్డున నిలబడ్డ కోటకు ఇది ఎప్పటికీ తెమలని పని.

నన్నడిగితే, రంగు వేసి అద్దంలా మెరిపించడం కన్నా ఒకటి రెండు చోట్ల లోపలి ఇటుకను అలాగే వదిలి చూపిస్తే బాగుండేది.

ఎప్పుడు పోతే మంచిది?

జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఆ తీరానికి వానలూ తుపానులూ అప్పుడే. వాయుగుండం వార్త వింటే ప్రయాణం మానుకోండి, ఒడ్డున ఒక చెట్టు నీడ కూడా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మన రేణిగుంట ఎండకు తీసిపోదు, పైగా ఉక్క.

వారంలో ఏ రోజు సెలవు?

శుక్రవారం. తిరుక్కడయూరు అభిరామి అమ్మవారికి శుక్రవారమే మంచిదని ఆ రోజు పెట్టుకునేవాళ్లు కోట గేటు దాకా వచ్చి వెనక్కి పోతుంటారు. మిగతా రోజుల్లో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అనుకుని ప్లాను వేసుకోండి. పండగ సెలవులు మారుతుంటాయి.

దగ్గర్లో వేరే సముద్రపు కోట లేదా? ఒక్క పూటలో పోయి వచ్చేది?

పులికాట్ ఉంది. అక్కడ డచ్చివాళ్ల గెల్డ్రియా కోట 1613 నాటిది. కానీ కోటంటూ ఇప్పుడేమీ మిగల్లేదు, చెట్లూ పొదలే. డచ్చి సమాధులు మాత్రం చూడదగ్గవి, రాళ్లమీద చెక్కడం గొప్పగా ఉంటుంది. కల్పాక్కం పక్కన సద్రాస్ కోట కూడా డచ్చిదే, గోడలు నిలిచి ఉన్నాయి. చెన్నై సెయింట్ జార్జి కోటలో సచివాలయం నడుస్తోంది, మ్యూజియం ఒక్కటి చూడొచ్చు. లోపలికి పోయి, మేడెక్కి, సముద్రం చూసే కోట కావాలంటే తరంగంబాడే.

## దారి

రైల్లో పోవచ్చా?

మయిలాడుతురై దాకా పోవచ్చు. తిరుపతి నుంచి మన్నార్‌గుడికి పోయే పామణి ఎక్స్‌ప్రెస్ పాకాల, చిత్తూరు, కాట్పాడి, తిరువణ్ణామలై, విళుపురం, చిదంబరం మీదుగా పోతుంది. చిత్తూరువాళ్లకు ఇదే వరం. రోజూ ఉండదు, వారాలు చూసుకుని టికెట్ తీయండి. లేదంటే చెన్నై పోయి మారాలి. తిరుపతి బండ్లు సెంట్రల్లో దింపుతాయి, డెల్టా బండ్లు ఎగ్మూరు నుంచో తాంబరం నుంచో ఎక్కాలి. మధ్యలో రెండు గంటలైనా చేతిలో ఉంచుకోండి.

మయిలాడుతురై నుంచి తరంగంబాడికి ఒకప్పుడు మీటరుగేజి రైలు నడిచేది. 1986లో ఆపేశారు. ఇప్పుడు బస్సే గతి, ముప్పై కిలోమీటర్లు. తిరుక్కడయూరు మీదుగా, తరంగంబాడి పక్కనే ఉన్న పొరయార్ పోయే బస్సు ఎక్కితే చాలు.

కారులో ఎంతసేపు? ట్రావెల్స్ బండి మాట్లాడుకుంటే ఏమైనా చిక్కా?

చెన్నై మీదుగా పోయినా, చిత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై మీదుగా పోయినా నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. భోజనం, టీ కలుపుకుని ఒక పగలు పోతుంది.

చిక్కల్లా పర్మిట్ దగ్గర. పాండిచ్చేరి, కారైకాల్ రెండూ తమిళనాడు కావు, కేంద్రపాలిత ప్రాంతం. శనీశ్వరుడి గుడి ఉన్న తిరునల్లారు కూడా కారైకాల్లోనే ఉంది. పసుపు నంబరు బండి తమిళనాడు పర్మిట్ ఒక్కటే తీసుకుని బయలుదేరితే అక్కడ ఆపుతారు. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందా అని బండి మాట్లాడేటప్పుడే అడగండి, ఆ ఖర్చు బాడుగలో కలిసిందో లేదో కూడా. సొంత కారుకు ఈ గొడవ లేదు.

శని త్రయోదశికి తిరునల్లారు పోతున్నాం. అదే రోజు కోట చూసుకోవచ్చా?

వద్దు. ఆ రోజు కారైకాల్ చుట్టుపక్కల రోడ్లన్నీ జనమే. మామూలు రోజైతే తిరునల్లారు నుంచి తరంగంబాడి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, సులువుగా వచ్చేయొచ్చు. అయినా గుడికీ గుడికీ నడుమ గంట సందు దొరికింది కదా అని కోటను దూర్చే ఆలోచన నాకు నచ్చదు. తొమ్మిది గుళ్ల జాబితాలో పదోదిగా చూస్తే ఇదో పాత బంగళాలాగే కనిపిస్తుంది. రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి ఊరు తిరిగి, పదింటికి కోటలోకి పోయేటట్టు పెట్టుకోండి.

తమిళం రాకపోతే ఇబ్బందా?

చిత్తూరు జిల్లావాళ్లు ఈ ప్రశ్న అడగరు. తిరుపతికి ఎగువ నుంచి వచ్చేవాళ్ల కోసం చెబుతున్నా: కోటలో బోర్డులు తమిళంలో, ఇంగ్లిషులో ఉంటాయి. ఆటోవాళ్లతో నాలుగు తమిళ ముక్కలు కలిపితే పని జరిగిపోతుంది.

## కోటలో

లోపల ఏముంటుంది? టికెట్ ఎంత?

టికెట్ నామమాత్రం, కెమెరాకు వేరే. చిల్లర దగ్గరుంచుకోండి. పై అంతస్తులో పురావస్తుశాఖ మ్యూజియం ఉంది: పింగాణీ, నాణేలు, కత్తులు, డెన్మార్క్ కాలం నాటి పత్రాలు, పటాలు. మ్యూజియం చిన్నది, అమరికలో కొత్తదనం లేదు. పత్రాల నకళ్ల దగ్గర మాత్రం ఆగి చదవండి, ఎవరు ఎవరికి ఏం ఇచ్చారో అక్కడ తెలుస్తుంది. బయట ప్రాకారం మీద ఫిరంగులు. డెన్మార్క్‌లో క్రోన్‌బోర్గ్ తర్వాత డేనిష్‌వాళ్ల కోటల్లో ఇదే పెద్దదని గైడ్లు గొప్పగా చెబుతారు. ఆ మాట విని గోల్కొండ ఊహించుకుంటే కష్టం. తీరిగ్గా తిరిగినా గంటన్నరలో అయిపోతుంది.

ముప్పై ఏళ్లు ఈ కోటను అందరూ మరిచిపోయారట, నిజమేనా?

దాదాపు నిజం. ఈ కోట కథల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. 1640 ప్రాంతంలో వచ్చిన ఓడల తర్వాత డెన్మార్క్ నుంచి మళ్లీ ఓడ రాలేదు. అక్కడ యుద్ధాలు, ఖజానా ఖాళీ, కంపెనీ మూతపడింది. ఇక్కడున్నవాళ్లకు ఆ కబురు కూడా సరిగా అందలేదు. ఒక్కొక్కరే జ్వరాలతో పోయారు, కొందరు వేరే కొలువు చూసుకున్నారు. చివరికి ఎస్కిల్డ్ ఆండర్సన్ కాంగ్స్‌బాకె అనే మామూలు సిపాయి మిగిలాడు. పెద్ద ఇంటివాడు కాదు, చదువూ అంతంతే. స్థానికులను, పోర్చుగీసు సంతతివాళ్లను కూడగట్టుకుని కోటను పట్టుకుని కూర్చున్నాడు. బంగాళాఖాతంలో ఓడలను దోచి ఆ డబ్బుతో జీతాలిచ్చాడు, ఊరి చుట్టూ గోడ కూడా కట్టించాడు. కప్పం అందక తంజావూరు సేనలు ముట్టడిస్తే కాచుకున్నాడు. 1669లో డెన్మార్క్ ఓడ వచ్చి చూస్తే జెండా ఇంకా ఎగురుతోంది! వాళ్లు అతన్నే గవర్నరుగా ఖాయం చేశారు.

దోపిడీ సొమ్ముతో నిలబెట్టిన కోట అని తప్పు పట్టేవాళ్లు పట్టొచ్చు. ఆ కాలంలో ఈ తీరాన ఏ కంపెనీ చేతులూ అంత శుభ్రంగా లేవు.

కోటలో ఒక పాదిరిని చెరలో పెట్టారట?

అవును, సీగెన్‌బాల్గ్‌ను. 1706 జులైలో జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ మతప్రచారకుడు. డెన్మార్క్ రాజే పంపాడు, అయినా కోట అధికారితో పడలేదు. పేదల పక్షాన తగువులోకి దిగాడని 1708లో పట్టుకుని నాలుగు నెలలు ఇక్కడే బంధించారు. తర్వాత తమిళ అచ్చుయంత్రం పెట్టి 1715 నాటికి బైబిలు కొత్త నిబంధనను తమిళంలో అచ్చువేయించింది ఈయనే. కింది అంతస్తులో ఇరుకు గదులు చూసేటప్పుడు ఇది గుర్తుంటే వేరుగా అనిపిస్తుంది.

అమ్మానాన్నలు డెబ్బై దాటినవాళ్లు. మెట్లు ఎక్కగలరా?

రెండంతస్తులే, కానీ మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే కింది ఆవరణలో కూర్చోబెట్టండి, గాలి బాగా ఆడుతుంది. చక్రాల కుర్చీతో పైకి పోవడం కుదరదు.

గాలి నిజంగా అంతగా ఉంటుందా?

మధ్యాహ్నం దాటాక ఉంటుంది. నేల కాగి, దాని మీది గాలి పైకి లేచేకొద్దీ సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. ప్రాకారం మీద చీరచెంగు, టోపీ, పిల్లల చేతిలో పొట్లం ఏదీ నిలవదు. ఇసుక, ఉప్పు తుంపర కెమెరా లెన్సుకు పడవు, గుడ్డతో తుడుస్తూ ఉండండి. ఫోనుకు తాడు ఉంటే మంచిది.

పెళ్లికి ముందు ఫొటోషూట్ చేయనిస్తారా?

అనుమతి లేకుండా చేయనివ్వరు. డ్రోను సంగతి అసలెత్తొద్దు. బయట ఒడ్డున మామూలు ఫొటోలకు ఎవరూ అడ్డు చెప్పరు.

## ఊళ్లో, ఒడ్డున

కోట కాకుండా చూడాల్సినవి ఏమున్నాయి?

నా లెక్కలో కోట కన్నా ఊరే గొప్పది. 1792లో కట్టిన ఊరి దర్వాజా దాటి రాజవీధిలోకి అడుగుపెట్టండి. తెల్లటి ఆ దర్వాజా కిందనుంచే ఇప్పటికీ బండ్లు పోతుంటాయి. వీధికి రెండువైపులా స్తంభాల అరుగుల ఇళ్లు, 1701 నాటి సీయోను చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి. సీగెన్‌బాల్గ్ సమాధి ఈ రెండోదాంట్లోనే ఉంది. కోటకు ఎదురుగా డేనిష్ గవర్నరు బంగళాను కూడా బాగుచేశారు. పొద్దున ఏడింటికి ఈ వీధిలో ఎవరూ ఉండరు. అప్పుడు నడవండి.

ఒడ్డున గుడి సముద్రంలో కలిసిపోయిందంటారు?

మాసిలామణి నాథర్ గుడి. 1306లో పాండ్యరాజు కులశేఖరుడి కాలంలో కట్టింది, అంటే కోటకు మూడు వందల ఏళ్ల ముందుది. అలలు చాలా భాగం కోసేశాయి. తర్వాత బండరాళ్లతో ఒడ్డుకు కట్ట వేసి, గుడిని బాగుచేశారు. కోట పునరుద్ధరణకు పరాయి దేశం నుంచి డబ్బొచ్చిందని అందరూ చెబుతారు, ఈ గుడి సంగతి ఎవరూ ఎత్తరు. తప్పక చూడండి.

సునామీకి కోట ఏమీ కాలేదా?

2004 డిసెంబరు 26న తరంగంబాడి బాగా దెబ్బతింది. కోట నిలబడింది. నిలబడనిది ఒడ్డున ఉన్న జాలరుల బతుకు. మనుషులు, పడవలు, ఇళ్లు పోయాయి. తర్వాత ఒడ్డు పొడవునా రాళ్ల కట్ట వేశారు, పాత ఇళ్లను కూడా కొన్ని సంస్థలు బాగుచేశాయి. అక్కడివాళ్లతో మాట కలిపినప్పుడు సునామీని వాళ్లంతట వాళ్లే ఎత్తితే వినండి, మీరై గుచ్చి అడగొద్దు.

అక్కడ ఓజోన్ గాలి ఎక్కువట, ఊపిరితిత్తులకు మంచిదట?

ఈ మాట ఎవరు పుట్టించారోగానీ ప్రతి గైడూ చెబుతాడు. ఓజోన్ మనల్ని కాపాడేది ఎక్కడో పైన, ఆకాశంలో ఉన్నప్పుడు. నేల దగ్గర పీలిస్తే అది ఊపిరితిత్తులకు చెరుపే, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీనూ. సముద్రం దగ్గర వచ్చే ఆ వాసన కూడా ఓజోన్‌ది కాదు, ఎక్కువగా నీటిలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే గంధకపు వాయువుది. దుమ్ము లేని గాలి కాబట్టి హాయిగా ఉంటుంది. దానికి ఓజోన్ అక్కర్లేదు.

ఈత కొట్టొచ్చా?

వద్దు. ఒడ్డంతా బండరాళ్లు, వాటి నడుమ నీరు లాగుతుంది. కాళ్లు తడుపుకోవడానికి కూడా ఇసుక ఉన్న చోటు చూసుకోండి.

తెలుగుకూ ఈ ఊరికీ సంబంధం ఏమైనా ఉందా?

రాజు తెలుగువాడన్నది ఒకటి. రెండోది అచ్చు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి 1719లో తరంగంబాడికి వచ్చాడు, తర్వాత మద్రాసు పోయి అక్కడ తెలుగు నేర్చాడు. 1728లో తెలుగుకు లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. జర్మనీకి తిరిగిపోయాక 1740లలో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చుకు తొలి రోజులు అవే.

ఎక్కడ ఉండాలి, ఏం తినాలి?

డబ్బు పెట్టగలిగితే ఒడ్డునే పాత బంగళాలను హోటళ్లుగా మార్చినవి ఉన్నాయి. గదులు తక్కువ, శనాదివారాలు ముందే నిండిపోతాయి. లేకుంటే తిరుక్కడయూరులో షష్టిపూర్తుల పుణ్యమా అని లాడ్జిలు కావాల్సినన్ని. శాకాహార భోజనమూ అక్కడే నయం, ఎనిమిది కిలోమీటర్లు. చేపలు తినేవాళ్లు తరంగంబాడి, పొరయార్ మెస్‌లలో మధ్యాహ్నం ఒంటిగంటలోపే చేరండి. రెండు దాటితే గిన్నెలు కడుగుతుంటారు.

కారైకాల్లో మందు చౌక కదా, నాలుగు సీసాలు తెచ్చుకోవచ్చా?

మగవాళ్లు మాత్రమే గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. తరంగంబాడి తమిళనాడులో ఉంది, కారైకాల్ నుంచి వచ్చే దారిలో చెక్‌పోస్టు ఉంది. పాండిచ్చేరి సరుకు తమిళనాడులోకి తెస్తే కేసు, ఆంధ్రా నంబరు బండిని ఇంకాస్త శ్రద్ధగా వెతుకుతారు. బండిలో షష్టిపూర్తి చేసుకున్న పెద్దవాళ్లు కూర్చుని ఉండగా డిక్కీ తెరిపించుకోవడం ఎందుకు?